బాపు బండి విప్పితే ఇంటి లెక్కలు బయటవడ్డయి

తుక్కు కొనేటాయన బండి చుట్టు రెండుసార్లు తిరిగిండు. డాలాను కాలుతోని తన్నిండు, బానెట్ మీద వేళ్లతోని కొట్టి చూసిండు. "కిలోకు ఇరవై ఏడు. తూకం లేకుంటనే ముప్పై నాలుగు వేలు ఇస్త. పొద్దుగూకేవరకు క్రేన్ తోలుకొస్త" అన్నడు. మా అన్న సరే అనేటట్టే ఉండె. నేను గూడ అడ్డం చెప్పేటట్టు లేకుంటి. పదేండ్లకు మీదనే ఆ బండి మా పెరట్ల వేపచెట్టు కింద నిలవడి ఉన్నది. టైర్లు భూమిల దిగవడ్డయి. డ్రైవర్ సీట్ల కోడి పొదుగుతున్నది.

గప్పుడు ఇంటర్ చదివే మా బిడ్డ అడిగింది. "డాడీ, ఈ బండి ఎవలిది?"

"మీ తాతది."

"తాత పోయి ఏడేండ్లాయె గద. మరిప్పుడు ఎవలిది?"

నేను అన్న దిక్కు చూసిన. అన్న నా దిక్కు చూసిండు. విరాసత్ చేపిచ్చుకున్నప్పుడు మామిడితోట గట్టు కాడ మాటా మాటా వెరిగి, ఆరేండ్ల సంది మేమిద్దరం సక్కగ మాట్లాడుకున్నది లేదు. తుక్కాయనను రేపు రమ్మన్నం. ఆ రేపు పద్నాలుగు నెలలు సాగింది.

ఊళ్లె తిరిగి చూడుండ్రి, ఇసొంటి బండ్లు ప్రతి ఊరికి రెండు మూడు కనవడ్తయి. పాత జీపో, ట్రాక్టరో, డీసీఎమ్మో, చెట్టు కిందనో, కొట్టం ఎనుకనో ఉంటది. ఫోన్ల పాత బండిని కొత్తగ చేసిన వీడియోలు చూసి మనం గూడ చేద్దామని అనుకునే పోరగాండ్లు నన్ను మస్తుమంది అడిగిండ్రు. పది నిమిషాల వీడియోల తుప్పు పోతది, రంగు వస్తది, పాట వస్తది. ఆర్సీ ముచ్చట రాదు. ఎవలి పైసలు, ఎవలి హక్కు అన్నది అసలే రాదు. మేం ఏం చేసినమో, యాడ తప్పినమో చెప్త.

మా బండి టాటా మొబైల్. టెల్కో కంపెనీ, అంటే ఇప్పటి టాటా మోటార్స్, 1988ల ఈ పికప్‌ను తెచ్చింది. అప్పటిదాంక ఆ కంపెనీ అంటే లారీలే. ఈ బండి మీదికెల్లే 1991ల సియెర్రా, 1992ల ఎస్టేట్, 1994ల సుమో వచ్చినయి. గందుకే మా అసొంటోళ్లకు ఒక లాభం ఉన్నది. సుమోలు ఊరూర తిరిగిన బండ్లు గాబట్టి, ఈ ఇంజిన్ సామాను ఇప్పటికీ ఏదో ఒక మూలకు దొరుకుతది. మీరు ఏ బండి మొదలువెట్టినా ముందుగల చూడాల్సింది గదే. బండి ఎంత సక్కగున్నదని గాదు, సామాను దొరుకుతదా లేదా అని. దొరకని బండిని విప్పితే అది పెరట్లకెల్లి అర్ర లోపటికి వస్తది, గంతే.

బాపు దీన్ని 2002ల సెకండ్ హ్యాండ్ల కొన్నడు, 1997 మోడల్. పసుపు నిజామాబాద్ మార్కెట్‌కు, మామిడికాయ జగిత్యాలకు గీ బండి మీదనే పోయింది. పెండ్లి సామాను మోసింది, ఒకపాలి నడిజామున నొప్పులొస్తున్న ఆడమనిషిని దవాఖానకు తీస్కపోయింది. ఆ పిల్లకు ఇప్పుడు ఇరవై ఏండ్లు, ఎప్పుడు కనవడ్డా "మీ డబ్బా బండెట్లున్నది కాకా" అంటది. నంబర్ ఏపీ 15తోని మొదలైతది. తెలంగాణ వచ్చినంక టీఎస్ అయింది, 2024 మార్చి సంది టీజీ అయింది, మా బండి మాత్రం ఏపీగనే ఉండిపోయింది. తెలంగాణ కోసం రోడ్డు మీద కూసున్న మనిషిని, నా ఇంట్ల ఏపీ ప్లేటు. దోస్తులు నవ్వుతరు. పాత నంబర్లు పాత బండ్లకు గట్లనే నడుస్తయి తమ్మీ, దాని కోసం పరేషాన్ గావద్దు.

2013ల ఇంజిన్ బోరుకొచ్చింది. ఈ మాట మనం రోజూ వింటం గాని అది ఏందో మస్తుమందికి తెల్వది. మా అన్న కొడుకు డిప్లొమా నడిమిట్ల ఇడిసిపెట్టిండు. వానికి ఉస్తాద్ గీడనే మొదటి పాఠం చెప్పిండు. ఇంజిన్ పేరు 483. అంటే ఏంది? నాలుగు సిలిండర్లు, ఒక్కో సిలిండర్ బోరు 83 మిల్లీమీటర్లు. అదే లెక్కల 407 బండిలది 497, నాలుగు సిలిండర్లు, 97 బోరు. పెద్ద లారీలది 697, ఆరు సిలిండర్లు. మా ఇంజిన్ల పిస్టన్ 90 మిల్లీమీటర్లు కిందికి మీదికి పోతది. "ఇగ లెక్క చెయ్ బేటా" అన్నడు ఉస్తాద్. వాడు ఫోన్ తీసి, పదో తరగతిల చదివిన స్తూపం ఘనపరిమాణం కట్టి, నాలుగుతోని గుణిస్తే 1948 సీసీ దగ్గర వచ్చింది. ఆర్సీల రాసింది గూడ 1948. వాని మొకం చూడాలె. కాలేజీల ఆ సూత్రం వానికి ఎన్నడు అక్కరకు రాలే.

డీజిల్ ఇంజిన్ల ప్లగ్గు మంట వెట్టది. పిస్టన్ గాలిని దగ్గర దగ్గర ఇరవై వంతుల్ల ఒక వంతుకు వత్తుతది. గట్ల వత్తితే గాలి కాగుతది, కాగిన గాలిల నాజిల్ డీజిల్‌ను చిమ్ముతది, అది దానంతల అదే అంటుకుంటది. ఏండ్లు గడిచినకొద్ది పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు అరుగుతయి. సందుల్లకెల్లి గాలి కిందికి జారిపోతది. గాలి జారితే వేడి లేదు, వేడి లేకుంటే మంట లేదు. పొద్దుగాల స్టార్ట్ గాదు. కింది ఆయిల్ మీదికెక్కి కాలుతది, పొగ నీలంగ వస్తది. ఇగో గిదే బోరుకొచ్చుడు. మా ఇంజిన్‌కైతే చిన్న చిన్న ముందు గదులుంటయి, డీజిల్ ముందుగల దాంట్ల అంటుకుంటది. అవి సల్లగుంటే పని గాదని హీటర్లు వెట్టిండ్రు. బాపు చలికాలంల తాళం సగం తిప్పి వట్టుకొని, లోపల లోపల ఏదో లెక్కవెడుతుండె. మేం దేవునికి మొక్కుతున్నడనుకునేటోళ్లం.

పదేండ్లు నిలవడ్డ ఇంజిన్ జామ్ అయి ఉంటది. రింగులు తుప్పువట్టి గోడకు అంటుకుంటయి. గీడ పోరగాండ్లు చేసే పెద్ద తప్పు, ట్రాక్టర్‌కు తాడు కట్టి గేర్ల వేసి గుంజుడు. గట్ల గుంజితే కనెక్టింగ్ రాడ్లు వంగుతయి, ఉన్నది గూడ పోతది. మేం నాజిళ్లు తీసి, ఆ బొక్కలల్లకెల్లి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసినం. వారం దినాలు ఊకున్నం. తర్వాత కింద క్రాంక్ నట్టుకు పెద్ద పాన వెట్టి, బలం జెయ్యకుంట, ఇటు కొంచెం అటు కొంచెం. ఎనిమిదో రోజు పొద్దుగూకె యాళ్లకు బెత్తెడు తిరిగింది. అన్న కొడుకు ఎగిరిన ఎగురుడుకు కోడి సీట్లకెల్లి దుంకింది.

ఇంజిన్ విప్పేటప్పుడు రాసుకునుడు మా బిడ్డ పని. "ఆడివిల్లకు గ్రీజు పని ఎందుకురా" అన్నడు అన్న. అది ఇనలే. పెరుగు డబ్బాలు కడిగి, ఒక్కో దాంట్ల ఒక్కో జాగల బోల్టులు వేసి, మీద నంబర్ రాసింది. ప్రతి పైపు విప్పకముందు ఫోటో తీసింది. మెయిన్ బేరింగ్ క్యాపులు చూసేటందుకు అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి గాని, యాడిది ఆడనే, ఎటు మొకం ఉంటే అటే వెట్టాలె. తారుమారైతే కొత్త బేరింగులు గూడ పదిరోజులల్ల పోతయి. ఈ ముచ్చట ఉస్తాద్ చెప్పకముందే ఆ పిల్ల వాటి మీద గుర్తులు వెట్టి ఉంచింది. ఉస్తాద్ నా దిక్కు చూసి "నీకన్న నయం" అన్నడు.

బ్లాకును లేత్ కాడికి తీస్కపోయి బోరు కొట్టిపిచ్చి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసినం. హెడ్ ఫేసింగ్ చేపిచ్చినం. గివి ఇంట్ల అయ్యే పనులు గావు, అయితయనేటోని మాట నమ్మద్దు. కని వాల్వులు సానవట్టుడు ఇంట్ల అయితది. వాల్వుకు గ్రైండింగ్ పేస్ట్ రాసి, రబ్బరు కప్పున్న కట్టెకు అతికిచ్చి, రెండు అరచేతుల నడుమ అటిటు తిప్పాలె. మా బిడ్డ తిప్పుతుంటే, అరుగు మీద కూసున్న అవ్వ చూసి చూసి లేచొచ్చింది. "గట్ల గాదు పిల్లా. సల్ల చిలికినట్టు తిప్పు. చెయ్యి కాదు, మణికట్టు ఆడాలె." డెబ్బై అయిదేండ్ల మనిషి ఎనిమిది వాల్వుల్ల మూడు ఆమెనే పట్టింది. సక్కగ కూసున్నదా లేదా అన్నది చూసేటందుకు, హెడ్‌ను తిరగేసి గదులల్ల డీజిల్ పోసి రాత్రంత ఉంచాలె. తెల్లారి వాల్వు ఎనుక తడి ఉండద్దు. అవ్వ పట్టిన మూడు పొడిగున్నయి. మా బిడ్డవి రెండు కారినయి, మళ్ల పట్టింది.

గిట్ల ఇంజిన్ మొత్తం వరండాల పరిచి ఉన్న రోజుల్ల ఉస్తాద్ అడిగిండు. "అంత బాగనే ఉన్నది. ఆర్సీ ఎవరి పేరు మీదున్నది?"

ఉల్టా చేసినమని అప్పుడు తెలిసింది. మీరు గట్ల చేయకుండ్రి. పాన ముట్టక ముందు కాయితం ముట్టుండ్రి.

ముందుగల ఎంపరివాహన్ యాప్‌ల నంబర్ కొట్టి చూడాలె. బండి రికార్డుల ఉన్నదా, ఎవలి పేరు మీదున్నది, ఫిట్‌నెస్ ఎప్పటిదాంక ఉండె, ఫైనాన్స్ బాకీ చూపెడుతున్నదా. అప్పు కట్టినా ఆర్సీల ఫైనాన్స్ పేరు గట్లనే ఉంటే, అప్పిచ్చినోళ్ల సంతకంతోని ఫారం 35 వెట్టి తీపియ్యాలె. సరుకు రవాణా బండికి ఎనిమిదేండ్లు దాటినంక ఏటేటా ఫిట్‌నెస్ కావాలె. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనమని 2016 డిసెంబర్ల కేంద్రం రూల్స్‌ల చేర్చింది. ఏడాదికి 18,250. చెట్టు కింద నిలవడ్డ బండికి లెక్క కట్టుండ్రి, గుండె ఆగుతది. మాకైతే అవ్వ సందుగుల ఒక కాయితం దొరికింది. బండి నడుస్తలేదు, ఆర్సీ అప్పజెప్తున్న అని 2013ల బాపు ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేపిచ్చుకున్న నకలు. నాలుగో తరగతి దాంక చదివిన మనిషి ఏ కాయితం పారేయకపోయేటోడు. దాంతోని బాకీ లెక్కల మేం చానా వరకు ఒడ్డునవడ్డం. మీ ఆఫీసుల గట్ల ఒప్పుకుంటరా లేదా అన్నది మాత్రం ముందే పోయి అడుగుండ్రి.

15 ఏండ్లు దాటిన బండ్లకు ఫిట్‌నెస్ ఫీజులు 2022 ఏప్రిల్ 1 సంది కేంద్రం బాగ పెంచింది. తర్వాత గూడ మారుతున్నయి, పోయిన రోజు రేటు చూసుకోవాలె. "పదిహేనేండ్లు దాటితే సీదా తుక్కే" అని ఊళ్లల్ల ఒక మాట తిరుగుతున్నది. అది సర్కారు బండ్లకు, 2023 ఏప్రిల్ సంది. పదేండ్ల డీజిల్ బండ్ల ముచ్చటేమో ఢిల్లీ దిక్కుది. మన కాడ పరీక్షల పాసైతే నడుపుకోవచ్చు. ఒకవేళ తుక్కుకే ఇద్దామనుకుంటే గూడ రోడ్డు మీద పోయే తుక్కాయనకు ఇయ్యకుండ్రి. 2021 రూల్స్ ప్రకారం రిజిస్టర్ అయిన తుక్కు కేంద్రాలున్నయి, వాళ్లు సర్టిఫికెట్ ఇస్తరు, ఆర్సీ రద్దయితది. లేకుంటే బండి కరిగిపోతది, నీ పేరు మాత్రం రికార్డుల బతికే ఉంటది. ఆ చాసిస్ నంబర్ ఇంకో దొంగబండి మీద తేలితే పోలీసు నీ ఇంటికే వస్తడు.

ఇగ అసలు ముచ్చట. ఓనర్ చనిపోతే ముప్పై రోజుల్ల ఆఫీసుకు చెప్పాలె, మూడు నెలల్ల ఫారం 31తోని పేరు మార్పుకు దరఖాస్తు వెట్టాలె. మేం ఏడేండ్లు దాటినం. కౌంటర్ల ఉన్న ఆయన నెమ్మదిగనే చెప్పిండు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చుకోండ్రి, అండ్ల ఉన్నోళ్లందరు మాకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇయ్యాలె. సర్టిఫికెట్ల నాలుగు పేర్లు. అవ్వ, అన్న, అక్క, నేను.

అక్కను మేం మర్సిపోయినమని గాదు. పండుగకు పిలుస్తం, చీర వెడతం. 2018ల విరాసత్ అప్పుడు గూడ పిలిచినం. తెల్ల కాయితం మీద "నాకు భూమిల ఏమీ వద్దు" అని రాసి సంతకం తీసుకున్నం, ఒక చీర, ఐదువేలు చేతుల వెట్టినం. అందరు చేసేది గదే అని నాకు నేను చెప్పుకున్న. సభలల్ల ఆడోళ్ల హక్కుల మీద మాట్లాడేటోన్ని నేను. మీటింగు ఉన్నదని ఆ రోజు జల్దీ పోయిన గూడ.

అన్న, నేను ఒక్క మోటర్ సైకిల్ మీద అక్క ఊరికి పోయినం. అక్క వాకిట్ల చాట ఒళ్లె వెట్టుకొని బీడీలు చేస్తున్నది. కాయితం తీసిస్తే తీసుకోలే. చేతుల ఉన్న బీడీకి దారం చుట్టి, కట్టల వెట్టి, అప్పుడు అన్నది.

"పోయినపాలి ఏం కాయితమో చదువకుంట వెట్టిన. గీసారి చదివినంకనే వెడత. మీరు గాదు, నా కొడుకు చదువాలె."

మేనల్లుడు చదివిండు. "అభ్యంతరం లేదు" అన్న కాడ ఆమె ఆపింది. "బండి మీద గూడ నాకేం వద్దని అనిపిస్తున్నరా?"

"తుక్కు బండి చెల్లే, దాని మీద ఏమున్నది" అన్నడు అన్న.

"తుక్కయితే నా వంతు తుక్కు నాకు పంచియ్యి. బాపు నన్ను అత్తగారింటికి తోలింది గా బండి మీదనే నా ఏంది? గాదు, నా పెండ్లప్పటికి బండి లేదు. నా బిడ్డ పుట్టినప్పుడు దవాఖానకెల్లి ఇంటికి తెచ్చింది గా బండిలనే."

మా ఇద్దరికి మాట రాలే. నేను చదివిన చట్టాలన్నీ నాకు ఆ వాకిట్ల యాదికొచ్చినయి. ఉమ్మడి ఆస్తిల ఆడివిల్లలకు హక్కిచ్చిన సవరణ ఎన్టీఆర్ సర్కారు ఉన్నప్పుడు 1986ల వచ్చింది, దేశం మొత్తానికి 2005ల వచ్చింది. తండ్రి బతికున్నడా లేడా అన్న దానితోని సంబంధం లేదు, పుట్టుకతోనే హక్కు అని 2020ల సుప్రీంకోర్టు చెప్పింది. పెండ్లయింది, కట్నమిచ్చినం అన్న మాటలు చెల్లయి. భూమిల హక్కు ఇడుసుకున్న కాయితం రిజిస్టర్ గాకుంటే దానికి విలువ లేదు, మేం తీసుకున్న తెల్ల కాయితం ఒక తెల్ల కాయితమే. గివన్ని నేను వేరేటోళ్ల అక్కలకు చెప్పిన.

అక్క షరతు ఇది. ఆర్సీ అన్న పేరు మీద ఉండని, నడిపేది ఆయనే గనక. కని బండిల మూడోవంతు తనదని ఒక కాయితం, నెలకు పది రోజులు బండి తన వాకిట్ల. మరమ్మతు ఖర్సుల మూడోవంతు తను వెట్టుకుంటది, బీడీ సంఘం పొదుపు పైసలున్నయి. సంతకం వెట్టినంక చాట మళ్ల ఒళ్లెకు తీసుకొని, "భూమి ముచ్చట ఇంక ఒడువలే" అన్నది. అన్న తిరుగుదారిల ఒక్క మాట మాట్లాడలే.

అన్న గురించి గూడ చెప్పాలె. పదహారేండ్లు దుబాయిల ఉండొచ్చిండు. ఎంత పంపిండో నాకు లెక్క యాదికున్నది. ఏం పని చేసిండో ఎన్నడూ అడగలే. బ్రేకు పని కాడ బయటవడ్డది. బ్రేక్ ఆయిల్ గాలిల తేమను గుంజుకుంటది, ఏండ్లకేండ్లు ఉంటే లోపలికెల్లి తుప్పు వడ్తది. వీల్ సిలిండర్లు, రబ్బర్లు, ఇనుప పైపులు మొత్తం మార్సాలె, అండ్ల పొదుపు చేస్తే పాణం మీదికొస్తది. పైపు కొసలు విప్పార్సుడు మాకెవ్వరికి రాలే. అన్న పైపు తీసుకొని, నిమిషంల, ఒక్క చుక్క కారకుంట చేసిచ్చిండు. ఆడ పైప్ ఫిట్టర్ అట. ఎండకు యాబై డిగ్రీల కాడ ఇదే పని.

బ్రేకుల గాలి తీసుడుకు ఇద్దరు కావాలె. ఒకరు పెడల్ తొక్కాలె, ఇంకొకరు చక్రం కాడ నిప్పుల్ విప్పి గాలి ఇడువాలె, దూరపు చక్రంకెల్లి మొదలువెట్టాలె. అన్న కింద, నేను మీద. "తొక్కు." "పట్టు." "ఇడువు." రెండు గంటలు గీ మూడు మాటలే. ఆరేండ్లల్ల మేం గంత సేపు మాట్లాడుకున్నది గదే మొదలు.

రంగు ముచ్చట నేను పొడుగు చేయ. టింకరింగ్ ఆయన, పెయింటర్ వాళ్ల పని వాళ్లు చేసిండ్రు. ఒక్కటి మాత్రం. తుప్పు గీకేటప్పుడు చాసిస్ నంబర్ కొట్టిన జాగ కాడ గ్రైండర్ వెట్టనియ్యద్దు. మా కాడ ఒక్క జానెడు దూరంల అన్న కొడుకు ఆపిండు. ఆ నంబర్ అరిగితే బండి ఎంత కొత్తగున్నా పరీక్షల నిలవడది. ఇంకొకటి, ఉత్త జాకీ మీద లేపిన బండి కిందికి ఎన్నడూ పోవద్దు. ఇటుకలు వెట్టద్దు, ఇటుక చెప్పకుంట పలుగుతది. మందం కట్టె మొద్దులో, ఇనుప స్టాండ్లో వెట్టాలె. టైరు మీద నాలుగంకెల తారీఖుంటది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడు. 2312 అంటే 2012ల ఇరవై మూడో వారం. పట్టు ఎంత ఉన్నా గంత పాత టైరు నడుపద్దు.

ఖర్సు లెక్క దాచ. ఇంజిన్ పని 58 వేలు, పంపు నాజిళ్లు 14 వేలు, బ్రేకులు ఎనిమిదిన్నర, టైర్లు 24, బ్యాటరీ ఐదున్నర, వైరింగ్ 7, టింకరింగ్ రంగు 32, డాలా పలకలు 9. అన్నీ కలిపితే లక్షా యాభై ఎనిమిది వేలు. కాయితాలకు, బీమాకు ఇంకో 41 వేలు. రెండు లక్షలకు ఒక్క వెయ్యి తక్కువ. మా చేతి పనికి కూలి కట్టలే. గా పైసలకు ఇంకో లక్ష, లక్షన్నర కలుపుకుంటే నడిచే సెకండ్ హ్యాండ్ పికప్ వస్తది. లాభం కోసమైతే ఈ పని చేయకుండ్రి. అప్పు తెచ్చి అసలే చేయకుండ్రి. చాసిస్ తుప్పు తిని, సుత్తె దెబ్బకు గణ్‌మని మోగకుంట బొద్దుగ సప్పుడైతే ఆడనే ఆపుండ్రి. పొగ ముచ్చట గూడ ఉన్నది. 2020 ఏప్రిల్ సంది వస్తున్న బీఎస్-6 బండ్ల ముందట మాది మసి పొయ్యే. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది, అయినా మేం దీన్ని మండలం దాటిచ్చుడు తక్కువ, వారానికి రెండు మూడు తిప్పలు.

స్టార్ట్ చేసే రోజు అక్క వచ్చింది. పైపులల్ల గాలి తీసినం, బ్యాటరీ కట్టినం. అక్క తాళం సగం తిప్పి వట్టుకున్నది. లోపల ఏదో లెక్కవెడుతున్నది. ఎంతదాంక అని నేను అడిగిన. "ఇరవై. బాపు ఇరవై లెక్కవెట్టేటోడు, నాకు తెల్వదా" అన్నది. మా ఇద్దరు కొడుకులకు తెల్వలే ఆ లెక్క. మూడోసారికి అంటుకున్నది. వేపచెట్టు మొత్తం పొగ. అవ్వ కొంగు అడ్డం వెట్టుకొని దగ్గుకుంట నవ్వింది.

ఫిట్‌నెస్‌కు రెండుసార్లు పోయినం. మొదటిసారి ఒక హెడ్‌లైట్ పక్కకు కొడుతున్నదని, ఎనుక రిఫ్లెక్టర్ టేపు లేదని వాపస్ పంపిండ్రు. రెండోసారి అయింది. అన్న కొడుకు ఇప్పుడు ఉస్తాద్ కాడికి రోజు పోతున్నడు, డిప్లొమా మిగిలిన పేపర్లకు ఫీజు గూడ కట్టిండు. బండి మొదటి ఇరవై రోజులు మా కాడ, చివరి పది అక్క కాడ. మేనల్లుడు మక్కలు, ఎరువు సంచులు వేసి తిప్పుతున్నడు.

భూమి గురించి అందరం కూసుందామని పోయిన వారం అన్ననే ఎత్తిండు. పసుపు తవ్వినంక చూద్దామన్నడు. అక్క ఫోన్ల "తవ్వినంక గాదు, దసరాకే" అన్నది. ఈ నెల పది రోజులు ఒడిసి నాలుగు రోజులాయె. బండి ఇంక ఆమె వాకిట్లనే ఉన్నది, తాళంచెయ్యి గూడ ఆమె కాడనే.